గ్రాముకా, మోల్‌కా?

తమ్ముడూ,

హైడ్రోజన్ ఇంధనం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మూడో పేరా దాకా హాయిగా సాగింది. అక్కడ మాత్రం "హైడ్రోజన్‌ని మండిస్తే 286 కిలోజౌళ్లు, ఆక్టేన్‌ని మండిస్తే 5470 కిలోజౌళ్లు" అని రాసి, కాబట్టి హైడ్రోజన్ బలహీనమైన ఇంధనమని తేల్చేశావు. రెండు అంకెలూ సరైనవే. తీర్మానమే తప్పు.

అవి ఒక్కో మోల్‌కి చెప్పిన అంకెలు. మోల్ అంటే డజను లాంటిదే, అణువుల్నో పరమాణువుల్నో లెక్కపెట్టే ఒక స్థిరమైన పెద్ద సంఖ్య. ఆక్టేన్ అంటే పెట్రోల్‌లో ఉండే ఒక హైడ్రోకార్బన్. హైడ్రోజన్ ఒక మోల్ అంటే దాదాపు 2 గ్రాములు, ఆక్టేన్ ఒక మోల్ అంటే 114 గ్రాములు. 286ని 2.016తో భాగించు, గ్రాముకి 142 కిలోజౌళ్లు వస్తాయి. 5470ని 114.2తో భాగిస్తే 48. పంతొమ్మిదో వంతు అనుకున్నది కాస్తా మూడు రెట్లయి కూర్చుంది. మన ఎల్‌వీఎం3 రాకెట్ పైదశలో ద్రవ హైడ్రోజన్ వాడటానికి ఈ గ్రాముల లెక్క ఒక ముఖ్యమైన కారణం. అక్కడ మోయాల్సిన ప్రతి గ్రామూ భారమే కదా.

అలాగని మోల్ లెక్క పనికిరానిదని మాత్రం అనుకోకు. పదార్థం లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే అదే దారి. దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. లోహాల విశిష్టోష్ణాలు తీసుకో. ఒక గ్రాముని ఒక డిగ్రీ వేడెక్కించడానికి అల్యూమినియంకి 0.897 జౌళ్లు, రాగికి 0.385, సీసానికి 0.129 కావాలి. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. ఇప్పుడు ఒక్కోదాన్ని దాని మోలార్ ద్రవ్యరాశితో, అంటే ఒక మోల్ ఎన్ని గ్రాములో ఆ అంకెతో గుణించు. ఒక మోల్‌ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి అల్యూమినియంకి 24.2 జౌళ్లు, రాగికి 24.5, సీసానికి 26.7. చూశావా, ఎంత దగ్గరికొచ్చాయో! ఒక మోల్‌లో ఏ లోహమైనా పరమాణువుల సంఖ్య ఒకటే. మామూలు ఉష్ణోగ్రతల్లో ఒక్కో పరమాణువు ఇంచుమించు ఒకే మోతాదులో వేడిని తీసుకుంటుంది, అది తేలికదా బరువైనదా అన్నదానితో పని లేకుండా. 1819లో డ్యూలాంగ్, పెటీ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఈ సంగతి పట్టుకున్నారు. అప్పటికి మోల్ అనే మాటే లేదు. విశిష్టోష్ణాన్ని పరమాణు భారంతో గుణించి చూశారు, అంతే. ఇంత పెద్ద విషయం గ్రాముల పట్టికలో వందేళ్లు వెతికినా కనిపించదు. నీ పాఠకుడికి ఇలాంటిది ఒక్కటి చూపిస్తే చాలు, రసాయన శాస్త్రంలో మోల్ ఎందుకుందని ఇక అడగడు.

లెక్క చేసేటప్పుడు అంకెతో పాటు ప్రమాణం కూడా రాసుకో. నీటిని 100 డిగ్రీల దగ్గర ఆవిరి చేయడానికి గ్రాముకి 2257 జౌళ్లు పడతాయి. మోల్‌కి 18.02 గ్రాములు. గుణిస్తే పైన గ్రాము, కింద గ్రాము కొట్టేసుకుపోయి మోల్‌కి 40,670 జౌళ్లు, అంటే 40.7 కిలోజౌళ్లు మిగులుతాయి. కంగారులో గుణించాల్సిన చోట భాగిస్తే 125 జౌళ్లని వస్తుంది. అప్పుడు టెన్షన్ పడకుండా ఒక్కటే అడుగు: ఒక గ్రాముకే 2257 కావాలంటే, 18 గ్రాములకి 125 ఎలా సరిపోతుంది? జౌళ్లని కిలోజౌళ్లు చేయడం మరిచిపోతే వెయ్యి రెట్లు తేడా పడుతుంది, అది కూడా చూసుకో.

ఇంకో చిక్కుంది. "మోల్‌కి" అని రాసినప్పుడు దేని మోల్ అన్నది చెప్పాలి. రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిసి రెండు నీటి అణువులయ్యే సమీకరణం పక్కన 572 కిలోజౌళ్లని కనిపిస్తుంది. అది రెండు మోల్‌ల హైడ్రోజన్‌కి. దాన్ని అలాగే ఎత్తి రాస్తే వ్యాసంలో హైడ్రోజన్ బలం రెట్టింపవుతుంది.

నువ్వు చివర్లో "పెట్రోల్ మోల్‌కి" అన్నావు. దాన్ని తీసెయ్. పెట్రోల్ ఎన్నో హైడ్రోకార్బన్ల మిశ్రమం, దానికి ఆక్టేన్‌లా ఒక స్థిరమైన మోలార్ ద్రవ్యరాశి ఉండదు. బొగ్గూ, వంటగ్యాసూ అంతే. సిలిండర్ మీద 14.2 కిలోలని ఉంటుంది, అలాంటివాటికి కిలో లెక్కే రాయి.

హైడ్రోజన్‌కి గ్రాముకి 120 కిలోజౌళ్లని కొన్నిచోట్ల ఉంటుంది, నీ దగ్గర 142 చూసి ఎవరో ఒకరు తప్పని ఉత్తరం రాస్తారు. రెండూ ఒప్పే. 286 అన్నది పుట్టిన నీరు ద్రవంగా మారితే వచ్చే లెక్క. అది ఆవిరిగానే బయటికి పోతే మోల్‌కి 44 కిలోజౌళ్లు (ఇది 25 డిగ్రీల దగ్గరి లెక్క, పైన చెప్పిన 40.7 ఏమో 100 డిగ్రీల దగ్గరిది) దాంతోపాటే పోయి 242 మిగులుతాయి, గ్రాముకి 120. వ్యాసం మొత్తంలో రెంటిలో ఏదో ఒకటే వాడు, ఏది వాడావో మొదటిసారి వచ్చిన చోటే చెప్పు. ఆక్టేన్‌కి నువ్వు తీసుకున్న 5470 కూడా నీరు ద్రవమైన లెక్కే, కనుక 286, 142 ఉంచేస్తే పోలిక సరిగ్గా కుదురుతుంది. మూడో పేరా, చివరి పేరా తిరగరాసి పంపు, మిగతాది నేను ముట్టుకోను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య