ఖాళీ స్థలంలో పాత నాణేలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పెద్దల నాటి పెంకుటిల్లు కూలిపోయి స్థలం ఏళ్లుగా ఖాళీగా ఉంది. మెటల్ డిటెక్టర్ పెడితే అడుగడుక్కీ కూస్తోంది. నాణెం ఏదో, మేకు ఏదో ఎలా తెలుస్తుంది? – కందుకూరు పాఠకుడు

జవాబు: ముందు డిటెక్టర్‌ని నేలకు దూరంగా గాలిలో పట్టుకోండి. అప్పుడూ కూస్తుంటే తప్పు నేలది కాదు. పైనున్న కరెంటు తీగలు గానీ, జేబులోని సెల్‌ఫోన్ గానీ కారణం. ఫోన్ ఆపి, సెన్సిటివిటీ (సన్నటి సంకేతాన్ని కూడా పట్టే శక్తి) కొంచెం తగ్గించండి.

గాలిలో మౌనంగా ఉండి నేల మీదే కూస్తుంటే గ్రౌండ్ బ్యాలెన్స్ చేయాలి, అంటే నేలలోని ఖనిజాలకు కూయకుండా డిటెక్టర్‌ను సరిచేయాలి. ఇనుప ముక్క లేని చోట కాయిల్‌ను (డిటెక్టర్ కింది చివర ఉండే గుండ్రటి పళ్లెం) 5 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు మధ్య పైకీ కిందికీ ఆడిస్తూ, శబ్దం మారకుండా ఉండేదాకా సరిచేయండి. ఒంగోలు దగ్గర కొణిజేడు వైపు నేలలో మాగ్నటైట్ ఇనుప ఖనిజం ఉంది. అలాంటి చోట ఈ పని చేయకపోతే ప్రతి రాయీ నాణెంలా పలుకుతుంది.

కూలిన ఇంట్లో మేకులు, తలుపు బందులు లెక్కలేనన్ని ఉంటాయి. విసిగిపోయి ఇనుము వినపడకుండా డిస్క్రిమినేషన్ అనే సెట్టింగ్‌ను బాగా పెంచేస్తారు చాలామంది. మేకు పక్కనే ఉన్న రాగి నాణెం కూడా దాంతో మరుగైపోతుంది. పెంచకండి. 5, 6 అంగుళాల చిన్న కాయిల్ వేసి, నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో, నేలకు సమంగా, నిదానంగా తిప్పండి. ప్రతి ఊపూ ముందటి ఊపులో సగాన్ని కప్పాలి. శబ్దం రాగానే పక్కకు తిరిగి, అడ్డంగా మళ్లీ ఊపి చూడండి. నాణెమైతే రెండు వైపులా ఒకేలా పలుకుతుంది. మేకు శబ్దం తెగుతుంది, చోటు మారుతుంది.

వీధి అరుగు ముందు, బావి చప్టా చుట్టూ, చెట్టు నీడన ముందు వెతకండి. మనుషులు కూర్చున్న చోటే చిల్లర జారేది. 1808 నాటి ఈస్టిండియా కంపెనీ 20 కాసుల రాగి బిళ్లలు, 1943–47 మధ్య వచ్చిన నడిమి చిల్లు పైసాలు ఇలాంటి చోట్ల దొరకవచ్చు. మామూలు డిటెక్టర్‌కు నాణెం 15, 20 సెంటీమీటర్ల లోతు దాకానే అందుతుంది. చోటు గుర్తించాక దానికి ఏడెనిమిది సెంటీమీటర్లు ఎడంగా తాపీ దించి, మట్టిని గోనెపట్టా మీద పోయండి. నేరుగా గునపం వేస్తే నాణేనికి గీత పడుతుంది. వెతికాక గుంట పూడ్చండి.

ప్రశ్న: కొత్తపట్నం దగ్గర సముద్రం ఒడ్డున మాకున్న స్థలంలో అసలు పనిచేయడం లేదు. – ఒంగోలు

జవాబు: తడిసిన ఉప్పు నేల విద్యుత్తును పారనిస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ (తరంగ పౌనఃపున్యం)తో పనిచేసే డిటెక్టర్ దానికి తికమకపడుతుంది. పొడి ఇసుకలో వాడండి, లేదా పలు ఫ్రీక్వెన్సీలతో పనిచేసే మల్టీ ఫ్రీక్వెన్సీ రకం తీసుకోండి.

ప్రశ్న: ఎవరిదో ఖాళీ స్థలం. ఓనరు సరేనన్నాడు. నాణేల కుండ దొరికితే ఎవరిది? పాటిదిబ్బ (పాత ఊరు పాడై మిగిలిన మట్టిదిబ్బ) మీద వెతకవచ్చా? – కావలి

జవాబు: ఆ అనుమతి కాగితం మీద రాయించుకోండి. మాట చాలదు. దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే 1878 నిధుల చట్టం ప్రకారం ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అన్నది కలెక్టరుకు రాసి తెలపాలి. దాస్తే మీ వాటా పోతుంది, ఏడాది దాకా జైలు శిక్ష ఉండవచ్చు. తెలిపి, నిధికి అసలు యజమాని ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికించుకున్నవారికి మూడొంతులు, స్థలం యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లిస్తుంది. వందేళ్లు దాటిన నాణేలతో వ్యాపారం చేయాలంటే 1972 పురావస్తువుల చట్టం కింద లైసెన్సు కావాలి.

పాటిదిబ్బ జోలికి మాత్రం వెళ్లకండి. ఏ నాణెం ఏ పొరలో, ఏ పెంకు పక్కన ఉందో అదే అక్కడి చరిత్ర. బయటికి తీశాక మళ్లీ చెప్పలేం. 1780లలో నెల్లూరు దగ్గర నాగలికి ఇటుక కట్టడం తగిలి, శిథిల గుడి కింద కుండలో రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్ల బంగారు నాణేలు బయటపడ్డాయి. చాలావాటిని బంగారంగా అమ్మేసి కరిగించేశారు. ఎన్ని ఉండేవో, ఏ ఏళ్లవో ఇప్పుడు చెప్పేవారే లేరు.

ప్రశ్న: మట్టి పట్టిన నాణేలు చింతపండుతో తోమవచ్చా? – కనిగిరి

జవాబు: వద్దు. పులుపు నాణెం పై పొరను తినేసి అక్షరాలు చెరిపేస్తుంది. రాగి నాణేన్ని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మారుస్తూ మెత్తని బ్రష్‌తో మట్టి వదిలించండి. శాతవాహనుల సీసపు నాణేన్ని ఆ నీళ్లలోనూ ఉంచకండి, చెక్క పెట్టెలోనూ పెట్టకండి. చెక్క నుంచి వచ్చే ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది. రాగి మీద లేత ఆకుపచ్చ పొడి కనిపిస్తే అది ఉప్పు పని. మిగతావాటి నుంచి వేరుచేసి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో పొడిగా ఉంచండి.