టెక్ సందేహాలు: పెంటియం 4కు క్లాక్‌మాడ్ డ్రైవర్ అవసరమా?

ప్రశ్న: మిత్రులం కలిసి పాత పెంటియం 4 కంప్యూటర్లను బాగుచేసి, లినక్స్ వేసి పల్లె బడులకు ఇస్తున్నాం. కెర్నెల్‌ను (లినక్స్ మూలభాగాన్ని) మేమే కంపైల్ చేస్తాం. ఎండాకాలంలో అవి విపరీతంగా వేడెక్కుతున్నాయి. వేగం తగ్గించే పీ4-క్లాక్‌మాడ్ డ్రైవర్ కలపమంటారా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ ప్రయత్నానికి అభినందనలు. ఆ డ్రైవర్ మాత్రం వద్దు.

ప్రాసెసర్ పనిచేసేటప్పుడు లాగే కరెంటు క్లాక్ (ప్రాసెసర్‌ను అడుగడుగునా నడిపించే సంకేతం) వేగాన్ని బట్టి, వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి మారుతుంది. రెండూ 20 శాతం చొప్పున తగ్గితే ఆ ఖర్చు దాదాపు సగమవుతుంది. అసలు లాభం వోల్టేజీ తగ్గడంలోనే ఉంది. క్లాక్‌మాడ్ వోల్టేజీ జోలికే పోదు. మధ్యమధ్యలో క్లాక్‌ను ఆపుతుంది, అంతే. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ను 12.5 శాతానికి దించితే తెరపై 375 మెగాహెర్ట్జ్ అని కనిపిస్తుంది. చూడటానికి ఘనంగానే ఉంటుంది కానీ, అదే పనికి ఎనిమిది రెట్ల సమయం పడుతుంది. అంతసేపూ మానిటరు, హార్డ్ డిస్కు కరెంటు తాగుతూనే ఉంటాయి. పని లేనప్పుడు ప్రాసెసర్‌ను నిద్రపుచ్చడం కెర్నెల్ ఎలాగూ చేస్తోంది. మితిమీరి వేడెక్కితే పెంటియం 4 తనంతట తానే ఇలా క్లాక్‌ను ఆపుకుంటుంది. ఇక ఈ డ్రైవర్ కొత్తగా చేసేదేముంది? పిల్లలు ఒక పేజీ తెరవడానికి నిమిషాలు ఎదురుచూసే కంప్యూటర్‌ను దయచేసి బడికి ఇవ్వకండి.

అయితే ఒకటి చూడండి. ప్రాసెసర్ వివరాలుండే సీపీయూఇన్‌ఫో (/proc/cpuinfo) ఫైలులో ఫ్లాగ్స్ వరుసలో ‘ఈఎస్‌టీ’ (est) అని ఉంటే అది స్పీడ్‌స్టెప్ (వేగంతో పాటు వోల్టేజీనీ తగ్గించే ఏర్పాటు) ఉన్న చిప్. 600 సిరీస్ పెంటియం 4లలో ఇది ఉంటుంది. వాటికి ఆ ఏర్పాటును వాడుకునే ఏసీపీఐ-సీపీయూఫ్రీక్ (acpi-cpufreq) డ్రైవర్ తప్పక కలపండి, బయోస్‌లోనూ (కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగ్స్‌లోనూ) స్పీడ్‌స్టెప్‌ను ఆన్ చేయండి. అక్కడ వోల్టేజీ నిజంగానే తగ్గుతుంది.

మిగతావాటికి మందు స్క్రూడ్రైవరే. ఫ్యాను విప్పితే హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మె) రెక్కల మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. బ్రష్‌తో దులిపి, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పూయండి. 478 సాకెట్ (ప్రాసెసర్ పిన్నులు దిగే గూడు) ఉన్న బోర్డయితే జాగ్రత్త! హీట్‌సింక్‌ను నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా అతుక్కుని ఊడొస్తుంది, పిన్నులు వంగిపోతాయి. ముందు కాసేపు కంప్యూటర్‌ను నడిపి పేస్టు మెత్తబడనివ్వండి. తర్వాత కరెంటు తీసేసి, క్లిప్పులు విప్పి, హీట్‌సింక్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి.