నాటకం, నాట్యం విశ్వవిద్యాలయంలో చదవాలంటే

ప్రశ్న: మాది గుత్తి దగ్గర ఒక పల్లె. నేను బీకాం చివరి సంవత్సరంలో ఉన్నాను. మా నాన్నగారు చాలా ఏళ్లుగా పద్యనాటకాలు ఆడుతున్నారు, ఆయనతో పాటు నేనూ కొన్ని వేషాలు వేశాను. రంగస్థల కళల్లో పీజీ చేయాలని ఉంది. బీకాం చదివినవారికి సీటు ఇస్తారా? నటన కోసం వెళ్తే లైటింగ్, మేకప్, సెట్టు పనులు కూడా తప్పనిసరిగా చేయాలంటున్నారు. నటుడికి అవన్నీ ఎందుకు?
— ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: సీటుకు బీకాం అడ్డు కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ కమ్యూనికేషన్‌లో రంగస్థల కళల ఎం.పి.ఏ. (ప్రదర్శన కళల పీజీ) రెండేళ్ల కోర్సు. ఏ డిగ్రీ చదివినవారైనా దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రవేశం సీయూఈటీ-పీజీ అనే జాతీయ స్థాయి ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతుంది కనుక ఆ ప్రకటన కోసం కనిపెట్టుకుని ఉండండి. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి కూడా రంగస్థల కళల శాఖ ఉంది. మన తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ న్యాయవాదిగా పని చేస్తూనే తెలుగు నటులలో అగ్రగణ్యుడయ్యారు. మీ బీకాం గురించి బెంగ పెట్టుకోవలసిన పని లేదు.

మీ రెండో ప్రశ్నకు కొంచెం విపులంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే చేరిన తరువాత నిరుత్సాహపడే విద్యార్థులలో ఎక్కువమంది సరిగ్గా ఈ సందేహంతోనే నిరుత్సాహపడతారు. భరతుడి నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం (మనసులోని భావం కన్నీరు, వణుకు వంటి రూపంలో పైకి రావడం) అని నాలుగు విధాలుగా విభజించింది. వేషధారణ, అలంకరణ వంటివన్నీ ఆహార్యంలోకి వస్తాయి, అంటే అవి అభినయానికి బయట ఉన్న పనులు కావు, అభినయంలోనే ఒక భాగం. విశ్వవిద్యాలయంలోని కోర్సుల విభజనను కూడా ఈ దృష్టితో చూస్తే సులభంగా అర్థమవుతుంది. శరీర కదలిక, యోగా, యుద్ధకళల వంటి తరగతులు ఆంగికానికి సంబంధించినవి. గొంతు, ఉచ్చారణ, సంభాషణ తరగతులు వాచికానికి చెందుతాయి. దీపాలు, రంగాలంకరణ, దుస్తులు, మేకప్ నేర్పే తరగతులకు ఆహార్యమే మూలం. ఇవికాక భారతీయ, పాశ్చాత్య నాటక చరిత్ర, నాటక రచనా విశ్లేషణ, దర్శకత్వ సూత్రాల వంటి సిద్ధాంత కోర్సులు ఉంటాయి. వీటన్నిటినీ ఒకచోటికి తెచ్చేది ప్రొడక్షన్ కోర్సు, అంటే అధ్యాపకుడి పర్యవేక్షణలో ఒక నాటకాన్ని ఎంపిక నుంచి ప్రదర్శన దాకా నడిపించడం. ఒక నాటకంలో ప్రధాన పాత్ర వేసిన విద్యార్థి మరో నాటకంలో తెర లాగవలసి రావచ్చు, దీపాల బోర్డు దగ్గర కూర్చోవలసి రావచ్చు, రిహార్సల్ వేళల పట్టిక తయారు చేయవలసి రావచ్చు. ఆ పనులకు కూడా మార్కులు ఉంటాయి, ఉండాలి కూడా.

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో తొలి ప్రదర్శన ఇచ్చిన సురభి కుటుంబ నాటక సమాజం వారి చరిత్ర ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆ కుటుంబాలలో పిల్లలు నటనతో పాటు తెరలు, తీగలు, మాయా దృశ్యాల పని కూడా చూసి నేర్చుకుంటూనే పెరిగారు. దీపం ఎటునుంచి పడుతుందో తెలిసిన నటుడు వేదిక మీద తన ముఖాన్ని చీకట్లో పెట్టుకోడు. ఆహార్యాన్ని నిర్లక్ష్యం చేసినవారు మంచి గాయకులు కాగలరేమో కాని పూర్తి నటులు కాలేరని నా దృఢమైన అభిప్రాయం.

మీకు మీ నాన్నగారి దగ్గర వచ్చిన పద్యగానం పెద్ద ఆస్తి. అయితే ప్రవేశ సమయంలో జరిగే ప్రాయోగిక పరీక్షలో రాగాలాపన ఒక్కటే సరిపోదు. ఒక పద్యంతో పాటు, వచనంలో ఉన్న ఒక సాంఘిక నాటక సన్నివేశాన్ని కూడా సిద్ధం చేసుకోండి. మైకు లేకుండా చివరి వరుస వరకు మాట స్పష్టంగా వినిపించేలా సాధన చేయండి. మీ ఊళ్లలో నాటకానికి ముందు పంచే కరపత్రాలలో పాత్రధారుల పేర్లు అచ్చు వేస్తారు కదా, మీ పేరున్న ప్రతి కరపత్రాన్నీ జాగ్రత్తగా దాచుకోండి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల కోర్సులో చేరాలంటే డిగ్రీతో పాటు కనీసం ఆరు నాటకాలలో పాల్గొన్న అనుభవం, హిందీ, ఆంగ్ల భాషలలో పరిచయం అవసరం. అక్కడికి వెళ్లాలనుకున్న రోజున ఆ కాగితాలే మీకు సాక్ష్యం.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదేళ్లుగా గురువుగారి దగ్గర కూచిపూడి నేర్చుకుంటోంది, ఇంటర్ పూర్తి కావస్తోంది. కడపలోనే ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది కదా, అందులో చేర్పిస్తే నాట్యం చదవవచ్చునా?
— ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: ఫైన్ ఆర్ట్స్ అనే మాట చూసి చాలామంది తల్లిదండ్రులు ఇలాగే పొరబడుతున్నారు. కడపలోని ఆ విశ్వవిద్యాలయంలో బీఎఫ్‌ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అంటే చిత్రలేఖనం, శిల్పం వంటి దృశ్యకళల చదువు. నాట్యం, నాటకం, సంగీతం ప్రదర్శన కళల కిందికి వస్తాయి. దరఖాస్తు పత్రంలో ఈ రెండు మాటల మధ్య తేడా చూసుకోకపోతే ఒక సంవత్సరం వృథా కావచ్చు.

మీ ఊరికి దగ్గరలో తిరుపతి ఉంది. అక్కడ తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే సంగీత నృత్య కళాశాల ఉంది, తరువాతి చదువుకు శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఉంది. కూచిపూడి గ్రామంలోనే సిద్ధేంద్రయోగి కళాపీఠం ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నృత్యంలో ఎం.పి.ఏ. చేయవచ్చు. సంగీత నృత్య కళాశాలల్లో చేరినవారు సాధారణంగా ముందు సర్టిఫికెట్, తరువాత డిప్లొమా పరీక్షలు రాస్తారు. అమ్మాయి గురువుగారి దగ్గర ఎంత నేర్చుకున్నా, పీజీ ప్రవేశానికి చూపించడానికి ఇలాంటి గుర్తింపు ఉన్న పరీక్ష ఒకటి పాసై ఉండటం మేలు. ఆమె నాట్యాన్ని వదలకుండా ఏదో ఒక డిగ్రీ కూడా పూర్తి చేయాలి, ఎందుకంటే విశ్వవిద్యాలయం పీజీకి అడిగే మొదటి అర్హత డిగ్రీయే.

ఇక చదువు విషయానికి వస్తే, వేదిక మీద చక్కగా ఆడే అమ్మాయిలు సిద్ధాంతం పేపర్లలో వెనకబడటం తరచు చూస్తుంటాం. అభినయదర్పణం అనే నాట్య గ్రంథంలో అసంయుత హస్తాలు, అంటే ఒంటి చేతి ముద్రలు, ఇరవై ఎనిమిది. ఆ శ్లోకం వల్లించడంతో సరిపోదు, ప్రతి హస్తం ఏయే అర్థాలలో వాడతారో రాయగలగాలి, చేసి చూపించగలగాలి. తాళం చేత్తో వేస్తూ జతి (లయకు పలికే అక్షరాల వరుస) చెప్పడం, నట్టువాంగం (చిన్న తాళాలు మోగిస్తూ నృత్యాన్ని నడిపించడం) చేయడం, కర్ణాటక సంగీతంలో ప్రాథమిక జ్ఞానం, కొత్త కీర్తనకు తానే నృత్యాన్ని కూర్చడం, ఇవన్నీ చదువులో భాగాలే. తరంగం అనే కూచిపూడి అంశంలో పళ్లెం మీద నిలబడి ఆడటం చూసి మనం చప్పట్లు కొడతాం, కాని పరీక్ష చేసేవారు ఆమె పాదం తాళానికి కట్టుబడి ఉందా అని చూస్తారు. ఇప్పటినుంచే గురువుగారిని అడిగి నట్టువాంగం నేర్పించండి.

ప్రశ్న: మా పీజీలో నాలుగు క్రెడిట్ల సిద్ధాంతం పేపరుకు వారానికి నాలుగు గంటల తరగతి, అన్నే క్రెడిట్లు ఉన్న ప్రాక్టికల్‌కు ఎనిమిది గంటలు. ఇది అన్యాయం కాదా? పీజీ తరువాత అధ్యాపకుడిని కావాలంటే ఏ పరీక్ష రాయాలి?
— ఒక విద్యార్థి, ఆదోని

జవాబు: ఒక క్రెడిట్ అంటే సిద్ధాంతంలో పదిహేను గంటల బోధన, ప్రాక్టికల్‌లో ముప్పై గంటల పని. ఈ లెక్కన నాలుగు క్రెడిట్ల సిద్ధాంతానికి సెమిస్టర్‌కు 60 గంటలు, ప్రాక్టికల్‌కు 120 గంటలు అవుతాయి. శరీరంతో నేర్చుకునే విద్యకు పునశ్చరణ అవసరం కనుక ఆ గంటలు ఎక్కువ అనిపించినా అవి మీకే మేలు చేస్తాయి. అధ్యాపక ఉద్యోగానికి యూజీసీ-నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయాలి. అందులో నృత్యం, నాటకం, రంగస్థలం కలిసిన ప్రదర్శన కళల సబ్జెక్టు ఉంది. దానికి పీజీలో 55 శాతం మార్కులు కావాలి, రిజర్వేషన్ వర్గాలవారికి 50 శాతం చాలు. నెట్‌లో ప్రాక్టికల్ ఉండదు, వచ్చేవన్నీ ఇచ్చిన జవాబుల్లో సరైనది ఎంచుకునే ప్రశ్నలే కనుక మీకు తక్కువ గంటలుగా తోచిన ఆ సిద్ధాంతం తరగతులను ఒక్కటీ వదలకండి.