మిరపకి చుట్టం మిరియం కాదు, క్యాప్సికం

"మా అబ్బాయి ఇంటర్ బైపీసీ. మొక్కలకి చక్కటి తెలుగు పేర్లుండగా ఈ లాటిన్ పేర్లెందుకు? బట్టీ పట్టలేక టెన్షన్ పడుతున్నాడు" అని మీరు అడిగారు. నేను గుంటూరులో బీఎస్సీ బోటనీ చదివాను. అప్పుడు నాకూ అవి మార్కుల కోసమే. వాటి విలువ తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, బ్రాడీపేటలో మా డాబా మీద.

అమ్మ కుండీల్లో సన్నమిరప వేసేది. పక్కనే నేను క్యాప్సికం పెట్టాను. బాగా కాసింది. ఒక పండుకాయ గింజలు దాచి మరుసటి ఏడు నాటితే కాయలు సన్నగా, సాగినట్టు వచ్చాయి. కూర వండితే నోరు భగ్గుమంది. గింజలు కలిసిపోయి ఉంటాయని అమ్మ అంది. కలిసింది గింజలు కాదు, పుప్పొడి. మన గుంటూరు మిరప శాస్త్రీయ నామం క్యాప్సికమ్ యాన్యుమ్. క్యాప్సికందీ అదే. రెండూ ఒకే జాతి, అందుకే తేనెటీగ ఇటు పుప్పొడి అటు మోస్తే సంకరమవుతాయి. ఆ ఏటి కాయలో తేడా తెలియదు, దాని గింజలో ఉంటుంది. కారం బహిర్గత లక్షణం, అంటే తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా పైకి కనిపించేది, కాబట్టి ఆ గింజ మొలిచి కాశాక బయటపడుతుంది.

మరి మిరియం? పేరు వింటే మిరపకి అక్కలా ఉంటుంది. కానీ అది పైపర్ నైగ్రమ్, కుటుంబమే వేరు. దాని అసలు తోబుట్టువు మనం తాంబూలంలో ఇచ్చే తమలపాకు, పైపర్ బీటిల్. తెలుగు పేరు ఈ చుట్టరికం చెప్పదు, లాటిన్ పేరు చెబుతుంది. నాకు ఈ పేర్ల మీద ప్రేమ పుట్టింది అక్కడే.

బాబుకి ఇలా చెప్పి చూడండి. మనకి ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఇక్కడా అంతే: మొదటి మాట ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), రెండోది ఆ జాతిని గుర్తుపట్టే పేరు. వంకాయ సొలానమ్ మెలోంజెనా, బంగాళాదుంప సొలానమ్ ట్యూబరోసమ్, టమాటా సొలానమ్ లైకోపెర్సికమ్. ముగ్గురిదీ ఒకే ఇంటిపేరు. మిరప, పొగాకు, ఉమ్మెత్త ఇంటిపేర్లు వేరైనా అవీ వీటితో పాటు సొలనేసి కుటుంబమే, అంటే కొన్ని ప్రజాతులు కలిసిన పెద్ద వంశం. మిరప ఎండుతెగులుతో పోయిన చేలో వెంటనే వంగ, టమాటా వేయొద్దనేది ఇందుకే. చుట్టాలకి తెగుళ్లూ ఉమ్మడే.

పాత గైడ్లలో టమాటా లైకోపెర్సికాన్ ఎస్కులెంటమ్ అని ఉంటుంది, కంగారు పడొద్దనండి. ఈ రెండు మాటల పేర్ల పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దాన్ని సొలానమ్‌లోనే పెట్టాడు. తర్వాతివాళ్లు వేరు కాపురం పెట్టించారు. డీఎన్ఏ పరిశీలించాక మళ్లీ పుట్టింటికి చేర్చారు. యాన్యుమ్ అంటే ఏడాది బతికేది అని అర్థం. మా డాబా మీది మిరప మూడేళ్లు కాసింది! అయినా అర్థం సరిపోలేదని పేరు మార్చరు.

ఈ ఆదివారం బాబుని రైతు బజారుకి తీసుకెళ్లి, సంచిలో కూరగాయల్ని ఇంటిపేర్ల వారీగా వేరు చేయమనండి. పరీక్షలో చేత్తో రాసేటప్పుడు రెండు మాటల కిందా విడివిడిగా గీత గీయాలి. మొదటి మాట తొలి అక్షరం మాత్రమే పెద్దది (క్యాపిటల్). మార్కులు ఎక్కువగా పోయేది అక్కడే.