జేసన్ బోనమ్‌ను వినే ముందు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఆదివారం నీ స్నేహితులంతా చేరి ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ 2007 లండన్ కచేరీ చూస్తారనీ, చూశాక అందులో తండ్రి జాన్ బోనమ్ స్థానంలో డ్రమ్స్ వాయించిన జేసన్ బోనమ్ ఆ తండ్రికి సాటి వచ్చాడా లేదా తేల్చుకుంటారనీ రాశావు. ఎలా నడిపించాలో చెప్పమన్నావు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. సాటి వచ్చాడా అన్న ప్రశ్నతో మాత్రం మొదలుపెట్టకు. దానికి జవాబు దొరకదు, గొంతులు లేవడమే మిగులుతుంది. జేసన్ వెనక కూర్చున్నప్పుడు మిగతా ముగ్గురూ (గిటార్ జిమ్మీ పేజ్, గొంతు రాబర్ట్ ప్లాంట్, బేస్ గిటార్ జాన్ పాల్ జోన్స్) ఎంత ధీమాగా ఉన్నారు అని అడుగు. డ్రమ్మర్ పనితనం అతని చేతుల్లో కన్నా పక్కవాళ్ల వాయిద్యంలో బాగా వినబడుతుంది.

వచ్చేవాళ్లలో కొత్తవాళ్లుంటే ఈ నాలుగు ముక్కలూ ముందే చెప్పు. బ్యాండ్ మొదటి డ్రమ్మర్ జాన్ బోనమ్, అభిమానుల నోట బోంజో, 1980 సెప్టెంబరు 25న 32 ఏళ్లకే పోయాడు. అదే ఏడాది డిసెంబరులో బ్యాండ్ ఇక ఉండదని మిగిలిన ముగ్గురూ ప్రకటించారు. 2007 కచేరీ అట్లాంటిక్ రికార్డ్స్ స్థాపకుల్లో ఒకడైన అహ్మెత్ ఎర్తెగన్ స్మృతికోసం పెట్టింది. నవంబరు 26న జరగాల్సింది, జిమ్మీ పేజ్ వేలు విరగడంతో డిసెంబరు 10కి జరిగింది. వేదిక ఓటూ అరీనా. మొత్తం 16 పాటలు. ఆ రాత్రి జేసన్‌కు 41 ఏళ్లు, అంటే తండ్రి ఎన్నడూ చేరని వయసు. ఆ కచేరీ ‘సెలబ్రేషన్ డే’ పేరుతో సినిమాగా 2012లో వచ్చింది, నిడివి సుమారు రెండు గంటలు.

ఇక ఏర్పాట్లు. టీవీకి ఉన్న స్పీకర్లతోగానీ ఫోనుతోగానీ వినొద్దు. వాటిలో బేస్ డ్రమ్ (కాలి పెడల్‌తో కొట్టే పెద్ద డ్రమ్) అడుగు శబ్దం రాదు, పైన ‘టక్’మనే అంచు ఒక్కటే వస్తుంది. అప్పుడు అందరూ స్నేర్ (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్), సింబల్స్ (లోహపు పళ్లేలు) గురించే మాట్లాడతారు. జెప్పెలిన్‌లో అసలు కథంతా కుడికాలిది. రెండు మంచి స్పీకర్లు చెవి ఎత్తులో పెట్టు. వాటి మధ్య ఎంత దూరముందో, వినేవాళ్లకూ వాటికీ మధ్య ఇంచుమించు అంతే దూరం ఉండాలి. గోడ మూలకు నెట్టకు, మూలలో బేస్ ఉబ్బి ఒక్కో దెబ్బా పక్కదాంట్లో కలిసిపోతుంది. బేస్ బూస్ట్, సరౌండ్ లాంటివన్నీ ఆపెయ్.

అన్నిటికన్నా ముఖ్యం, పోల్చే రెండు రికార్డింగులూ ఒకే గట్టిదనంతో వినిపించాలి. కొంచెం గట్టిగా ఉన్నదే మనకు బాగున్నట్టు తోస్తుంది, చెవి నైజం అంత. ఫోనులో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని, కూర్చునే చోట రెండూ 75 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూడు. పాత రికార్డింగుకు వాల్యూమ్ కాస్త ఎక్కువే పెట్టాల్సి వస్తుంది. ఆ మార్కులు ముందు రోజే కాగితం మీద రాసి పెట్టుకో.

దేనితో పోల్చాలన్న దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. స్టూడియో ఆల్బమ్‌ను వేదిక మీది వాయింపు పక్కన పెడతారు. ‘వెన్ ద లెవీ బ్రేక్స్’లో వినిపించే ఆ కొండంత డ్రమ్ శబ్దం హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవంతిలో వచ్చింది. డ్రమ్స్ మెట్లదారి అడుగున, బేయర్ కంపెనీ మైకులు రెండు పైన. ఆ ఎత్తైన మెట్లదారి గాలే సగం వాయించింది. అరీనాలో ఒక్కో డ్రమ్‌కూ దగ్గరగా మైకు పెట్టక తప్పదు. ఆ తేడాను జేసన్ ఖాతాలో రాయడం అన్యాయం.

కాబట్టి వేదికను వేదికతోనే పోల్చు. 2003లో వచ్చిన జెప్పెలిన్ డీవీడీ సంపాదిస్తే నీ పని సగం అయిపోయినట్టే. అందులో 1975 ఎర్ల్స్ కోర్ట్ కచేరీ భాగం నుంచి ‘ఇన్ మై టైమ్ ఆఫ్ డయింగ్’, ‘ట్రాంపుల్డ్ అండర్ ఫుట్’ తీసుకో. 1979 నెబ్‌వర్త్ నుంచి ‘నోబడీస్ ఫాల్ట్ బట్ మైన్’, ‘కశ్మీర్’. 1973 మాడిసన్ స్క్వేర్ గార్డెన్ నుంచి ‘సిన్స్ ఐ హ్యావ్ బీన్ లవింగ్ యూ’, ‘మిస్టీ మౌంటెన్ హాప్’. ఈ ఆరూ 2007లోనూ ఉన్నాయి. ఆరూ పెట్టకు, మూడు జతలు చాలు. నాలుగోదానికి చెవి అలిసిపోతుంది. ‘ద సాంగ్ రిమెయిన్స్ ద సేమ్’ అనే వాళ్ల పాత కచేరీ సినిమా చూసి చేతుల కదలిక గురించి మాత్రం ఎవరూ వాదించకుండా చూడు. అందులో కొన్ని దృశ్యాలు తర్వాత షెపర్టన్ స్టూడియోలో మళ్లీ తీసినవి, చెయ్యీ చప్పుడూ కలవవు.

మొదటి విడత బొమ్మ లేకుండా వినిపించు. 40 సెకన్ల ముక్కలు రెండు, ఏది ఏ ఏడాదిదో చెప్పకుండా. పాట వినబడే చోటు వద్దు. రాబర్ట్ ప్లాంట్ గొంతు విన్న వెంటనే ఏడాది తెలిసిపోతుంది, 2007లో ఆయనకు 59. వాయిద్యాలే ఉన్న చోటు ఎంచుకో. తలో చీటీ ఇచ్చి మూడే అడుగు: బేస్ గిటారూ కాలూ ఒకేసారి పడుతున్నాయా? స్నేర్ ముందుకు తోస్తోందా, వెనక్కి లాగుతోందా? ఫిల్ (వరసల నడుమ డ్రమ్మర్ వేసే చిన్న అలంకారం) అయ్యాక సమం మీద అందరూ కలిసి దిగారా? చీటీలు మడిచి తీసుకున్నాకే సంవత్సరాలు చెప్పు. తేల్చి మాట్లాడే పెద్దనోరు ఒకటి ప్రతి గుంపులోనూ ఉంటుంది, చీటీ లేకపోతే మిగతావాళ్లంతా దాని వెంటే పోతారు.

టెంపో, అంటే పాట వేగం మీద వాదన తప్పకుండా వస్తుంది. ‘కుర్రాడు పరుగెత్తాడు’ అంటారొకరు, ‘ఈడ్చాడు’ అంటారింకొకరు. కొలిచి చూపించు. గడియారం పెట్టుకుని 15 సెకన్లు బీట్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించు. మొదటి దెబ్బను సున్నా అనాలి, ఒకటి కాదు. ఒకటి అని మొదలుపెడితే ఫలితంలో నాలుగు బీట్లు ఎక్కువ చూపిస్తుంది, పరుగెత్తాడన్న నింద సగం ఈ లెక్క తప్పులోంచే పుడుతుంది. పాట మొదట్లో, నడుమ, చివర మూడుచోట్లా కొలువు. ‘కశ్మీర్’ నిమిషానికి సుమారు 80 దగ్గర నడుస్తుంది. వేగం కొలిచే యాప్ ఏదైనా 40 అనో 160 అనో చూపిస్తే యంత్రం సగమో రెట్టింపో లెక్కేసిందని అర్థం. మొదటికీ చివరికీ రెండు మూడు బీట్లు పెరిగితే అదేం దోషం కాదు, వేడెక్కిన కచేరీ అలాగే నడుస్తుంది. దోషం ఎక్కడంటే, డ్రమ్మర్ ఒక్కడే పెరిగి బేస్ వెనకబడ్డప్పుడు.

ఇంకో చిక్కు శ్రుతిది. 2007లో కొన్ని పాటలు ప్లాంట్ గొంతుకు వీలుగా అసలు శ్రుతి కన్నా కిందికి దించి వాయించారు. శ్రుతి దిగితే గిటార్ బరువెక్కుతుంది, పాట నెమ్మదించినట్టు అనిపిస్తుంది. చెవి మోసపోయే చోటిది. కొలిచిన అంకె చేతిలో ఉంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు దగ్గరగా వినాల్సిన చోట్లు. కచేరీ మొదలయ్యేదే ‘గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్’తో. 1969లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట అది. ఒక్క పెడల్ మీద ఒక్క కాలితో బోంజో వేసిన ట్రిప్లెట్లు (మూడేసి దెబ్బల గుత్తులు) విని, రెండు బేస్ డ్రమ్ములున్నాయనుకున్నవాళ్లు ఎందరో. మూడు దెబ్బల గుత్తిలో మొదటిది చేతిది, మిగతా రెండూ కాలివి. ఆ రెండింటినీ సమానమైన బరువుతో వేయడమే కష్టం. మడమ ఎత్తి తొడ బరువుతో ఒక దెబ్బ వేశాక, రెండోది మునివేళ్లతో రావాలి. అలిసిన కాలికి రెండో దెబ్బ పలచబడుతుంది, లేదా మొదటిదానికి అతుక్కుని రెండూ ఒకటే చప్పుడవుతాయి. సింబల్స్ మర్చిపోయి ఆ రెండో దెబ్బ ఒక్కటే వినమను. ఆ పని చేస్తూనే జేసన్ వంతపాట కూడా అందుకుంటాడు. 27 ఏళ్లు జనం ఎదురుచూసిన కచేరీలో మొదటి రెండు నిమిషాలకే ఆ పాట ఎంచుకోవడం చిన్న ధైర్యం కాదని నా అభిప్రాయం.

‘కశ్మీర్’ దగ్గర మనవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. మీలో మృదంగం నేర్చుకున్నవాళ్లుంటే వాళ్లను ముందు కూర్చోబెట్టు. రిఫ్ (గిటార్ మళ్లీ మళ్లీ వాయించే వరస) తిశ్రంలో, అంటే మూడేసి లెక్కలో తిరుగుతుంది, డ్రమ్ చతురశ్రంలో, నాలుగేసి లెక్కలో నడుస్తుంది. ఒకరు ‘తకిట’ నాలుగుసార్లు అనాలి, ఇంకొకరు ‘తకధిమి’ మూడుసార్లు చేత్తో వేయాలి, పన్నెండు అయ్యాక ఇద్దరూ ఒకచోట కలుస్తారు. స్నేర్ ‘ధి’ మీద పడుతుంది. ఐదు నిమిషాలు అలా వేశాక పాట పెట్టు. గిటార్ వెంట పోకుండా తన నాలుగును పట్టుకుని కూర్చోవడమే ఆ పాటలో డ్రమ్మర్ తపస్సు. ఫిల్స్ దట్టమయ్యే చివరి భాగంలో జేసన్ తండ్రిని తు.చ. తప్పకుండా దింపడు, తన మాట తను చెబుతాడు. ఆల్బమ్‌లో డ్రమ్ మీద ఫేజర్ అనే ఎఫెక్ట్ ఉంది, అందుకే అక్కడ సింబల్స్ ఈదుతున్నట్టుంటాయి. అది వేదిక మీద లేదని ఎవరూ తప్పు పట్టకూడదు.

‘సిన్స్ ఐ హ్యావ్ బీన్ లవింగ్ యూ’లో ఖాళీని వినమను. నెమ్మది బ్లూస్ అది, రెండు దెబ్బల మధ్య చోటు చాలా ఉంటుంది, ఆ చోటును నింపెయ్యాలని అనుభవం తక్కువున్న చెయ్యి తొందరపడుతుంది. 1970 ఆల్బమ్‌లో ఈ పాట వింటే బోంజో పెడల్ కిర్రుమనడం కూడా వినబడుతుంది. అంత పలచగా, అంత జాగ్రత్తగా వాయించాడని దానికన్నా రుజువు అక్కర్లేదు. బలంగా కొట్టడమే బోంజో అనుకునేవాళ్లకు ముందు ఆ కిర్రు వినిపించు. ఆయన శబ్దం పెద్దదవడానికి 26 అంగుళాల బేస్ డ్రమ్, లోపల గుడ్డలు కుక్కకుండా తోలు బిగించి మోగనివ్వడం చాలావరకు కారణం. మామూలు సెట్లలో అది 22 అంగుళాలే ఉంటుంది.

అందరూ దాటేసే పాట ఒకటుంది, దానికి తప్పకుండా సమయం ఇవ్వు: ‘ఫర్ యువర్ లైఫ్’. 1976 ‘ప్రెజెన్స్’ ఆల్బమ్‌లోది. బ్యాండ్ దాన్ని వేదిక మీద పూర్తిగా వాయించడం 2007లోనే మొదటిసారి. అంటే పోల్చడానికి తండ్రి వేదిక రికార్డింగు లేదు. అక్కడ జేసన్ వారసుడు కాడు, బదులొచ్చినవాడూ కాడు, ఆ పాటను వేదికెక్కించిన మొదటి డ్రమ్మర్. అతన్ని అతనిగా వినడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

వాదనలో ఎవరైనా 1985 లైవ్ ఎయిడ్ అనే సహాయనిధి కచేరీ ఎత్తితే వద్దనకు, దానివల్ల మేలే. ఆ రోజు ఫిలడెల్ఫియాలో జెప్పెలిన్ ముగ్గురి వెనక ఫిల్ కాలిన్స్, టోనీ థాంప్సన్ ఇద్దరూ డ్రమ్స్ వాయించారు. ఇద్దరూ ఆరితేరినవాళ్లే. అయినా కచేరీ కుదరలేదు, 2004లో వచ్చిన డీవీడీలో ఆ భాగం పెట్టడానికి జెప్పెలిన్ ఒప్పుకోలేదు. లోపం సాధనది. బ్యాండ్‌కు బదులు డ్రమ్మర్ వస్తే నేర్చుకోవాల్సింది పాటలు కాదు, పాటల్లో కాగితానికి ఎక్కని ఆగుళ్లూ సైగలూ. 2007కి ముందు ముగ్గురూ జేసన్‌తో కూర్చుని చేసిన సాధన ఎంతటిదో వినాలంటే ‘సెలబ్రేషన్ డే’ డీలక్స్ ఎడిషన్‌లో షెపర్టన్ రిహార్సల్ ఉంది.

‘అచ్చం తండ్రిలాగే వాయించాలి’ అని ఎవరైనా పట్టుబడితే ద హూ అనే ఇంకో ఇంగ్లండ్ బ్యాండ్ సంగతి చెప్పు. 1978లో వాళ్ల డ్రమ్మర్ కీత్ మూన్ పోయాక వచ్చిన కెనీ జోన్స్ సాఫీగా, తిన్నగా కాలం పట్టే మనిషి. మూన్ పాట మీద పడి అల్లరి చేసే మనిషి. జోన్స్‌లో మూన్ కోసం వెతికినవాళ్లు జోన్స్‌ను వినలేకపోయారు. 1996లో వచ్చిన జాక్ స్టార్కీ చిన్నప్పటి నుంచి మూన్‌ను దగ్గరగా ఎరిగినవాడు, అతని చేతిలో ఆ పాత దూకుడు మళ్లీ వినబడింది. రెండు దారులూ ఉన్నాయి, ఏది తప్పని నేననను.

ఒక హద్దు మాత్రం నువ్వే గీసి ఉంచు. ‘మోబీ డిక్’ డ్రమ్ సోలో 2007లో లేదు. డెబ్బైలలో అరగంట దాకా సాగదీసిన ‘డేజ్డ్ అండ్ కన్ఫ్యూజ్డ్’ను ఇక్కడ పన్నెండు నిమిషాల లోపే ముగించారు. అప్పటికప్పుడు దారి మార్చుకుంటూ పోయే ఆ పాత పరీక్ష జేసన్‌కు పెట్టలేదు. కాబట్టి ఆ విషయంలో గెలిచాడనీ అనొద్దు, ఓడాడనీ అనొద్దు.

వరస ఇలా పెట్టు: ముందు చీటీల ఆట, మూడు జతలు, గంటలోపు ముగించు. తర్వాత టీ. తర్వాత సినిమా ఆపకుండా చివరిదాకా. నడుమ ఎవరూ మాట్లాడొద్దని ముందే చెప్పు. చివరి పాట ‘రాక్ అండ్ రోల్’ డ్రమ్స్‌తోనే ఎత్తుకుంటుంది. మొదటి దెబ్బ తాళంలో ఒకటి మీద పడదు, మూడుకూ నాలుగుకూ నడుమ అరలో పడుతుంది. ఒకటి మీదే అనుకుని చేత్తో తాళం వేసినవాళ్లు గిటార్ రాగానే తప్పిపోతారు. ఆ పాటకు అందరినీ చప్పట్లతో తాళం వేయమను, ఎంతమంది నిలబడ్డారో నాకు రాయి.

ఇట్లు,
నీ మామయ్య