పెరట్లో గినీ పిగ్స్ గూటికి పందికొక్కు, పాము, పిల్లి బెడద: ఏం చేయాలి?

మీరు రాసింది ఇదీ: పెరట్లో నేల మీదే ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు గూడు. చుట్టూ కోళ్ల జాలీ. రాత్రిళ్లు పందికొక్కులు కింద నుంచి తవ్వుతున్నాయి, మొన్న పక్కనే జెర్రిపోతు కనబడింది, పిల్లి రోజూ వచ్చి కాపు కాస్తోంది. ఏ మందు చల్లాలి అని అడిగారు.

మందు జోలికి అస్సలు వెళ్లకండి. ఎలుకల మందు ఏదైనా సరే గినీ పిగ్‌కీ విషమే. అదీ ఎలుక జాతిదే, తిన్నది కక్కుకోవడం దానికి చేతకాదు. మందు తిన్న ఎలుకను పట్టిన పిల్లికీ గుడ్లగూబకీ కూడా ముప్పే. ఫినాయిలు, కలరా ఉండలు, వెల్లుల్లి నీళ్లతో పాము ఆగదు. ఆ ఘాటంతా గూట్లో ఉన్న ప్రాణులు రాత్రంతా పీల్చాలి. ప్లగ్గుకి పెట్టే అల్ట్రాసోనిక్ యంత్రాలు కూడా వద్దు. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినబడదు, గినీ పిగ్స్‌కి దాదాపు 50 దాకా వినిపిస్తుంది. పందికొక్కుని తరమాలని పెట్టిన మోత ముందు మీ జంతువుల చెవుల్లోనే పడుతుంది.

అసలు లోపం కోళ్ల జాలీలో ఉంది. అది కోళ్లు బయటికి పోకుండా ఆపడానికే, బయటి నుంచి వచ్చేవాటిని ఆపడానికి కాదు. కుక్క పళ్లతో లాగితే చిరుగుతుంది, పందికొక్కు కొరికేస్తుంది, పిల్లి పంజా తేలిగ్గా దూరుతుంది. అర అంగుళం కన్ను ఉన్న జీఐ వెల్డ్ మెష్, అంటే జింకు పూత పూసిన ఇనుప తీగలు అతికిన జాలీ తీసుకోండి. తీగ 19 గేజీ కంటే సన్నగా ఉండకూడదు. వీధి కుక్కలు లోపలికి వచ్చే పెరడైతే 16 గేజీ. గేజీ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, కొట్టులో ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆకుపచ్చ ప్లాస్టిక్ పూత ఉన్నది తీసుకోవద్దు, గినీ పిగ్స్ ఆ పూతను కొరికి మింగుతాయి. ఈనబోయే ఆడవి ఉంటే మాత్రం పావు అంగుళం మెష్ వేయండి. అర అంగుళం కన్నులో పెద్ద జెర్రిపోతు పట్టదు గానీ పిల్ల పాములూ చుంచెలుకలూ దూరతాయి. పావు అంగుళంతో గాలి కాస్త తగ్గుతుంది, అందుకే అందరికీ అదే చెప్పను.

మీ కొలతలకి నాలుగు పక్కలా 45 చదరపు అడుగులు, పైకప్పుకి 18, అడుగు భాగానికి 18, గూటి చుట్టూ నేలలో పరిచే అంచుకి 22. మొత్తం 103. మూడడుగుల వెడల్పు రోల్ 40 అడుగులు తెస్తే అతుకులు పోను సరిపోతుంది. అతుకు దగ్గర రెండు అంగుళాలు ఒకదానిమీద ఒకటి వచ్చేలా పరిచి, నాలుగేసి అంగుళాలకి బైండింగ్ వైరుతో బిగించండి. చెక్క ఫ్రేముకి స్టేపుల్ పిన్నులు కొట్టొద్దు. వానకి చెక్క ఉబ్బి ఎండేసరికి అవి వదులై, కుక్క ఒక్క లాగు లాగితే వరసగా ఊడొస్తాయి. వెడల్పు వాషర్ వేసి స్క్రూ బిగించండి.

పందికొక్కులకి విరుగుడు, చుట్టూ వేసే ఆ అంచే. గూటి గోడ కింది నుంచి మెష్‌ని బయటివైపు అడుగు వెడల్పున పరిచి, మూడు నాలుగు అంగుళాల మట్టి కప్పండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే మొదలుపెడుతుంది, తీగ తగలగానే పక్కకి జరిగి మళ్లీ గోడ మొదట్లోనే తవ్వుతుంది. అడుగు దూరం వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలన్న ఆలోచన దానికి సాధారణంగా రాదు. అయినా నమ్మకం కోసం గూటి అడుగున కూడా మెష్ వేయాల్సిందే. కానీ తీగ మీద నేరుగా నడిస్తే వాటి అరికాళ్లు పుండ్లు పడతాయి. మెష్ మీద రెండు మూడు అంగుళాల మట్టి, దానిమీద ఎండుగడ్డి మందంగా పరవండి. గినీ పిగ్స్ కుందేళ్లలా తవ్వవు కాబట్టి మట్టి అలాగే నిలుస్తుంది. తడికీ మూత్రానికీ అడుగు మెష్ తుప్పు పడుతుంది గనుక వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి మట్టి తీసి మూలలు చూడండి.

ఇంత చేశాక కూడా పాము వచ్చేది తలుపు కింది సందులోంచే. ఒక పెన్సిల్ తీసుకుని తలుపు చుట్టూ, నీళ్ల సీసా గొట్టం చుట్టూ, కప్పు రేకుకీ గోడకీ మధ్యా గుచ్చి చూడండి. పెన్సిల్ దూరితే చుంచెలుకా దూరుతుంది, సన్నపాటి పామూ దూరుతుంది. తలుపు కింద అంగుళం వెడల్పు అల్యూమినియం పట్టీ కొడితే సందు మూసుకుపోతుంది. మామూలు గొళ్లెం కోతులు తీసేస్తాయి, గడియకి తాళం వేయాల్సిందే. పాము రాకుండా అని నైలాన్ వల మాత్రం కింద వేలాడదీయకండి, పాములు చిక్కుకుని తెగిన ఒంటితో చస్తాయి.

పిల్లి ముట్టుకోకపోయినా బెదురుకే గినీ పిగ్ చచ్చిపోవచ్చు. మెష్‌కి రెండు మూడు అంగుళాల దూరంలో బయటివైపు ఇంకో పొర వేస్తే పంజా అందదు. లోపల రెండు దారులున్న చెక్కపెట్టె ఒకటి పెట్టండి. ఒకటే దారి ఉంటే బెదిరినప్పుడు అన్నీ అక్కడే తొక్కిసలాడతాయి. పిల్లి గోరు గీరినా పన్ను దిగినా గాయం చిన్నదని వదిలేయకండి, దాని నోట్లోని సూక్ష్మజీవులు గినీ పిగ్‌ని త్వరగా పడగొడతాయి. అదే రోజు పశువైద్యుడికి చూపించండి. ఇక పగలు తెరిచి ఉంచి రాత్రే మూసే అలవాటుంటే మానండి. ముంగిస వేటాడేది పగలే, కాకులూ గద్దలూ పిల్లల్ని ఎత్తుకుపోయేదీ పగలే.

మేత విషయం దీనికంటే ముఖ్యం అనిపిస్తుంది నాకు. తవుడు, పెలెట్లు (గుళికల మేత) కింద పడితే ఎలుకలొస్తాయి, ఎలుకల వెనకే జెర్రిపోతు, నాగుపాము, రక్తపింజరి. సాయంత్రం తినేంతే వేసి చీకటి పడేలోపు మిగిలింది తీసేయండి. మేత బస్తా కాదు, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా కావాలి. గూటి చుట్టూ పదడుగుల్లో ఇటుకల కుప్ప, కట్టెలు, ఎండాకులు లేకుండా చూడండి. పందికొక్కు బొరియల్లో పాత పేపరు ఉండ పెట్టి రెండు రాత్రులు గమనించండి. కదలకపోతే బొరియ ఖాళీ, ఇటుక ముక్కలూ సిమెంటూ కలిపి పూడ్చండి. కదిలితే గోడ వెంబడి బోను పెట్టి ఎండుచేపో బజ్జీ ముక్కో కట్టండి. జిగురు అట్టలు మాత్రం పెట్టొద్దు, వాటికి తొండలూ పిచ్చుకలూ అంటుకుంటాయి. గూట్లో చెయ్యి పెట్టేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం మనుషులకీ వస్తుంది.

గూట్లో పాము కనబడితే కర్ర ఎత్తకండి. పిల్లల్ని దూరంగా పంపి, కళ్లు దాని మీదే ఉంచి అటవీ శాఖకి ఫోన్ చేయండి. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు వచ్చి పామును పట్టుకెళతారు. జెర్రిపోతుకి విషం లేదు, ముంగిస, ఉడుము లాగే దానికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

ఒక్కటి మరవకండి: భయంతో గూడు చుట్టూ టార్పాలిన్ కప్పేస్తే మన ఎండలకి లోపలిది ఉడికిపోతుంది. 30 డిగ్రీలు దాటితే గినీ పిగ్స్‌కి వడదెబ్బ ప్రమాదం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట వాటిని ఇంట్లోకి తెచ్చుకోవడమే, వేరే దారి లేదు.