ఫెజ్ బజారులో మెరక, పల్లం

ప్రశ్న: మా అబ్బాయితో కలిసి మొరాకో వెళ్తున్నాను. ఫెజ్ నగరంలో కోటగోడ లోపలి పాత బజారు చూడడానికి ఒక్క రోజే ఉంది. ఆ సందుల్లో దారి తప్పుతామని అందరూ భయపెడుతున్నారు. ఎలా తిరగమంటారు?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: మన డెల్టాలో నేలంతా చదును కనుక, కాలువ పారే తీరును బట్టి ఎగువ ఏదో, దిగువ ఏదో తెలుసుకుంటాము. ఫెజ్‌లో ఆ పని వీధే చేస్తుంది. పడమటనున్న బాబ్ బూజ్లూద్ ద్వారం దగ్గర మొదలయ్యే తలా కబీరా అనే పెద్ద వీధి, నది ఉన్న పల్లంలోకి దిగుతూ కరవియ్యీన్ మసీదు వైపు సాగుతుంది. కాబట్టి దారి తప్పామనిపిస్తే సందులను లెక్కపెట్టుకోకుండా, మెరక వైపు నడుస్తూ, బాబ్ బూజ్లూద్ ఎటని అడగండి. 1913లో కట్టిన ఆ ద్వారానికి బయటివైపు నీలం పలకలు, లోపలివైపు ఆకుపచ్చ పలకలు ఉంటాయి.

ఈ సందుల్లోకి కార్లు రావు. సరుకు చాలావరకు గాడిదలు, కంచరగాడిదల మీద వెళ్తుంది. వెనుక నుంచి “బాలక్” అన్న కేక వినబడితే తప్పుకొమ్మని అర్థం. వెనుదిరిగి చూడకుండా వెంటనే గోడ వారకు జరగండి.

ద్వారానికి దగ్గరలోనే ఉన్న 14వ శతాబ్దపు బూ ఇనానియా మదరసాలోకి అన్ని మతాలవారినీ రానిస్తారు. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే స్త్రీ నెలకొల్పినట్లు చెప్పే కరవియ్యీన్ మసీదును మాత్రం ముస్లిమేతరులు గుమ్మం బయటి నుంచే చూడాలి. దాని పక్కనున్న సఫ్ఫారీన్ కూడలిలో తప్పక కాసేపు ఆగండి. రాగి పళ్లేలను, కాగులను సుత్తితో సాగగొట్టే ఆ చప్పుడు అజ్జరం ఇత్తడి పనివారిని చూసినవారికి కొత్తగా తోచదు. ఆ పనితనం ముందు నిలబడకుండా ఫెజ్ చూశామనుకోవడం నాకు నచ్చదు.

షువారా అనే చోట తోళ్లను నానబెట్టి శుద్ధిచేసే తొట్లను తోలు దుకాణాల మేడల మీద నుంచి చూడవచ్చు. సున్నం, పావురాల రెట్ట కలిసిన వాసన ఘాటుగా ఉంటుంది కనుక పుదీనా రెమ్మ ఇస్తారు.

శుక్రవారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి. ఆ రోజు పెట్టుకోకండి. తిరుగుదారి అంతా ఎక్కుడే కాబట్టి, మోకాళ్ల నొప్పులుంటే నడిచి వెనక్కి రాకుండా, కింద రసీఫ్ కూడలిలో టాక్సీ ఎక్కండి.